నాయిన కంటి పరీక్ష

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, మే నెల ఎండల్లో, మా నాయిన నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషు అక్షరాలు నేర్పమన్నాడు. నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు నేను పలక పట్టుకుని వెంటబడితే "నాకెందుకు బిడ్డా, నూలు లెక్క వస్తె సాలు" అని తప్పించుకున్న మనిషి ఆయన.

"అన్ని అచ్చరాలు వద్దు. గీ ఫోట్వల ఉన్నయి నేర్పు సాలు" అని ఫోను నా చేతిలో పెట్టాడు. చూస్తే అది డాక్టర్ల గదిలో గోడకు వేలాడే కంటి చార్టు. పైన పెద్ద అక్షరం ఒకటి, కిందికి పోయినకొద్దీ సన్నబడే వరుసలు. ఎవరో లారీ డ్రైవరు తీసి పంపాడట.

అప్పటికి నేను డిగ్రీ చదివి, రామన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేరి రెండేళ్లు. నాయిన అదే బడిలో బస్సు డ్రైవరు. బడులు తెరిచే ముందు ప్రతి ఏడూ బస్సుకు పరీక్ష ఉంటుంది, బస్సు నడిపేవాడికీ ఉంటుంది. కళ్లు, చెవులు, కాళ్లు, చేతులు బాగున్నాయని డాక్టరు చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే బడివాళ్లు తాళంచెవి ఇవ్వరు.

"పోయినేడు డాక్టరు సేతి ఏళ్లు సూపిచ్చి ఎన్నని అడిగిండు. గీసారి కొత్త డాక్టరట, సార్టు సదివిస్తుండట" అన్నాడు నాయిన. "నా కండ్లకేం రోగం లేదు బిడ్డా. అచ్చరం కనపడ్తది, దాని పేరే తెల్వది. పేరు తెల్వక ఫేలయితె ఎంత ఇజ్జత్ పోతది సెప్పు."

మాట సబబుగానే ఉందనిపించింది. పంతుళ్లకు ఇదొక జబ్బు. ఎవరైనా నేర్పమని అడిగితే చాలు, ఎందుకని అడగం. పాత క్యాలెండరు కాగితం చింపి, దాని వెనక నున్నటి వైపు మార్కరుతో ఆ వరుసలన్నీ రాశాను. నడిమింట్లో గోడకు మేకు కొట్టి తగిలించాను. 'ఈ' అంటే దువ్వెన. 'ఎఫ్' అంటే అడుగు పన్ను విరిగిన దువ్వెన. 'పీ' అంటే నిలబెట్టిన గంటె. నాయిన మంచంలో కూర్చుని వల్లె వేసేవాడు. నాలుగు మధ్యాహ్నాల్లో మొత్తం వచ్చేసింది. నా క్లాసులో ఏడాది పట్టే పిల్లలున్నారు, ఈయనను చూపించి సిగ్గు తేవాలి అనుకున్నాను. అంత మురిసిపోయాను నేను, పిచ్చిదాన్ని.

ఐదోరోజు ఆయన వరుసలను వెనక నుంచి ముందుకు చెప్పడం మొదలుపెట్టాడు. "ఈ డీ ఎఫ్ సీ జెడ్ పీ" అని ఒకసారి, వెంటనే "పీ జెడ్ సీ ఎఫ్ డీ ఈ" అని ఒకసారి. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఇదెట్లా వచ్చిందని అడిగాను.

"సిటికి కట్టినోనికి గిదెంత పని" అన్నాడు.

చిటికి అంటే రంగుల్లో ముంచే ముందు నూలుకు ముడులు కట్టే పని. మా ఇంట్లో తరతరాలుగా అదే పని. డిజైను సగం వరకే కాగితం మీద ఉంటుంది. మిగతా సగం, అదే లెక్కను తిరగేసి మనసులోనే చెప్పుకుంటూ కట్టాలి. నాయిన ఇరవై అయిదేళ్లు అట్లా లెక్క పెట్టి, గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చుని నేసిన మనిషి. చీరలు పోవడం తగ్గాక మగ్గం విప్పి అటక మీద పెట్టి, వ్యాను నేర్చుకుని, చివరికి బడి బస్సు ఎక్కాడు. ఎక్కిన తర్వాత ఆయన నడకే మారిపోయింది. పొద్దున్నే బస్సు అద్దాలు తుడిచి, అంగీ గుండీలు పెట్టుకుని, నలభై మంది పిల్లలు "తాతా" అని అరుస్తుంటే హారన్ కొట్టేవాడు. "గుంటలకెల్లి బయటవడ్డ బిడ్డా, మల్ల గుంటలకు పోను" అని ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. ఆ సంతకం ఆయనకు జీతం మాత్రమే కాదు. ఆ సంగతి నాకు అందరికంటే ఎక్కువ తెలుసు.

పరీక్ష రేపనగా బడి కడగడానికి రమ్మంటే వెళ్లాను. బస్సులో పిల్లలను ఎక్కించి దించే ఆయమ్మ కూడా వచ్చింది. ఇద్దరం బెంచీలు తుడుస్తున్నాం. మాటల మధ్యలో ఆమె "గా కల్వర్టు కాడ గోడ ఇంకా కట్టలేదంట టీచరమ్మా" అంది.

"ఏ గోడ?"

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. "నీకు మీ నాయిన సెప్పలేదా?"

నేను కుదిపి కుదిపి అడిగితే చెప్పింది. ఏప్రిల్‌లో నాకు జ్వరం వచ్చి మూడు రోజులు బడికి పోలేదు. అందులో రెండో రోజు, ఒర్రె మీది కల్వర్టు దగ్గర ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. బస్సు ఎడమకు పోయింది, పోతూనే ఉంది. "నేను వొర్లిన. వొర్లినంక ఆపిండు. దిగి సూస్తె ఎనక సక్రం సగం గాల్లనే ఉండె. గోడ ఇటుకలు ఒర్రెల వడ్డయి. ఒక పిల్లకు పెదవి పలిగింది. కుక్క అడ్డమొచ్చిందని సార్లకు సెప్పిండు. కుక్క లేదు ఏం లేదు. బిడ్డకు సెప్పకు, రంది వెట్టుకుంటదని నా సేతులు వట్టుకున్నడు."

ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను.

నేను రోజూ ఆ బస్సులోనే పోయేదాన్ని. డ్రైవరు పక్కన, ఇంజను డబ్బా దగ్గరి సీటు నాది. దారి పొడుగునా నాయిన నాతో ముచ్చట పెట్టేవాడు. "గా వచ్చేది ఎర్రబస్సా, లారీయా?" "గా బర్రెలు ఎవరియి?" "సింతచెట్టు కింద నిలవడ్డది మన పోరడేనా?" నేను నోటు పుస్తకాలు దిద్దుకుంటూ, మధ్యలో విసుక్కుంటూ జవాబు చెప్పేదాన్ని. "బర్రెలెక్కడియి నాయినా, ఎడ్లబండి." "గట్లనా" అని ఆయన బ్రేకు మీద కాలు పెట్టేవాడు. తండ్రీ బిడ్డల ముచ్చట అని ఆయమ్మ కూడా నవ్వేది. నా నోటి మాట పట్టుకుని నలభై మందిని నడిపిస్తున్నాడని నాకు ఒక్కనాడు తట్టలేదు. జ్వరం వచ్చి నేను ఇంట్లో పడుకున్న రోజే చక్రం గాల్లోకి లేచింది.

ఇంటికి పోయేసరికి నాయిన గడ్డం గీసుకుంటున్నాడు, రేపటి కోసం. నేను నేరుగా నడిమింట్లోకి పోయి, గోడకున్న కాగితాన్ని తిప్పి తగిలించాను. ఇప్పుడు బయటికి కనిపిస్తున్నది క్యాలెండరు ముఖం. తారీఖుల అంకెలు, పైన దేవుడి బొమ్మ. ఒక్క ఇంగ్లీషు అక్షరం లేదు.

"నాయినా, ఒక్కసారి చదువు. రేపు తప్పొద్దు" అన్నాను.

ఆయన తువ్వాలతో మూతి తుడుచుకుని గడప దగ్గర నిలబడ్డాడు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నాడు. గోడ వైపు కుడి కన్ను చికిలించి చూశాడు. "పైన ఈ. దాని కింద ఎఫ్, పీ. దాని కింద టీ, ఓ, జెడ్." చివరి వరుస దాకా చదివాడు. తర్వాత రెండో కన్ను మూసుకుని మళ్లీ చదివాడు. దేవుడి బొమ్మ మీద అన్ని అక్షరాలూ చదివి, నా వైపు తిరిగి, మెచ్చుకుంటానని నిలబడ్డాడు.

మంచిగ చదివినవు నాయినా అన్నాను. ఇంకేం అనాలి?

వంటింట్లోకి పోయి అమ్మను నిలదీశాను. ఆమెకు తెలుసు. దసరా నుంచీ తెలుసట. "సక్కెర రోగం కండ్లకు వట్టిందేమో అన్న. దవాఖానకు పోదామన్న. పోతె బండి గుంజుకుంటరని పోలేదు" అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ. నాకు ఒళ్లు మండింది. ఎట్లా ఊరుకున్నావని అరిచాను. అమ్మ తల ఎత్తకుండా ఒకటే మాట అంది: "నువ్వు పక్కన కూసుంటవు గదా అని ధైర్యం."

అందరి ధైర్యం నేనే. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

తెల్లారి ఇద్దరం బయలుదేరాం. చిట్యాలలో బస్సు మారి నల్లగొండ పోవాలి. నన్ను రావద్దన్నాడు, నేను కాగితాలు నింపాలి కదా అని వెంటపడ్డాను. నార్కట్‌పల్లి దాటాక ఇక ఆగలేక అడిగాను.

"నీకు ఎంత దూరం కనపడ్తది నాయినా? నిజం చెప్పు."

"దూరంవి మంచిగనే కనపడ్తయి. దగ్గరియే జర మసకమసక."

"కల్వర్టు దూరముండెనా, దగ్గరుండెనా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఆయమ్మ నోట్ల నువ్వుగింజ నానది" అన్నాడు. నేను ముందు సీటు కడ్డీ పట్టుకుని రోడ్డు వైపు తిరిగాను. నా ధైర్యం ఎంతో ఆ బస్సులోనే తేలిపోయింది. డాక్టరే పట్టుకుంటాడు, పట్టుకోకుండా ఎట్లా ఉంటాడు, వాళ్ల పని అదే కదా అని మనసులో సర్దిచెప్పుకున్నాను. డాక్టరు పట్టుకుంటే నేను చెడ్డదాన్ని కాను. నాయిన ముందు నా ముఖం నిలబడుతుంది. దేవుడా, ఆ డాక్టరు గట్టివాడై ఉండాలి అని దారంతా మొక్కుకున్నాను.

డాక్టరు గది ముందు డ్రైవర్లు వరుసగా నిలబడి ఉన్నారు. లారీవాళ్లు, బడి బస్సులవాళ్లు. లోపల్నుంచి బయటికి వచ్చినవాణ్ని పట్టుకుని "ఏమడిగిండే?" అని అడుగుతున్నారు. "ఆరో లైను అటుకెల్లి ఇటు సదువుమంటుండు" అన్నాడు ఒకడు. వరుసలో అందరి ముఖాలూ వాడిపోయాయి. కొందరు కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తూ తిరగేసి చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాయిన మాత్రం నా వైపు చూసి కొంచెం నవ్వాడు. ఆ డాక్టరు వేసిన ఉచ్చు లోకంలో అందరినీ పట్టుకోవచ్చు గాని చిటికి కట్టిన మా నాయినను పట్టుకోలేదు.

మా వంతు వచ్చింది. డాక్టరు కుర్రవాడే, ముప్పై దాటి ఉండవు. పొద్దున్నుంచీ అదే పనిలో ఉండి విసిగి ఉన్నాడు. బీపీ చూశాడు, ఎక్కువుందన్నాడు. చేతులు పైకెత్తమన్నాడు, గొంతుకు కూర్చుని లేవమన్నాడు, వెనక నిలబడి మెల్లగా పేరు పిలిచాడు. నాయిన అన్నీ చేశాడు. చార్టు అవతలి గోడకు ఉంది. దాని పక్కన మూలకు సన్నటి కట్టె ఒకటి ఆనించి ఉంది. అక్షరాల మీద పెట్టి చూపించే కట్టె. దుమ్ము పట్టి ఉంది.

"చదువు" అన్నాడు డాక్టరు, కుర్చీలోంచి లేవకుండా.

నాయిన ఎడమ కన్ను మూసి చదివాడు. కుడి కన్ను మూసి చదివాడు. ఐదో వరుసలో 'సీ' దగ్గర ఆగి, మెడ ముందుకు చాచి, పోల్చుకుంటున్నట్టు కొంచెం సేపు చూసి, అప్పుడు 'సీ' అన్నాడు. అది నేను నేర్పింది కాదు. ఆయనే సొంతంగా కలిపాడు.

"ఆరో వరుస అటు నుంచి ఇటు."

"పీ. జెడ్. సీ. ఎఫ్. డీ. ఈ."

"కళ్లు బాగున్నాయి పెద్దాయనా" అని డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. కలం మూత తీశాడు. నేను ఆ కలం వైపే చూస్తున్నాను. ఏదో ఒకటి అడుగుతాడు, ఇంకొక్కటి అడుగుతాడు అనుకుంటున్నాను. ఆయన తారీఖు వేశాడు. పేరు రాశాడు. తర్వాతివాణ్ని పిలవమని గుమ్మం వైపు తల ఊపాడు. సంతకం పెట్టే చోట కలం మొన ఆనించాడు.

"సార్, నోటితో అడగొద్దు. కట్టె పెట్టి అడగండి."

అది నా గొంతే. ఎప్పుడు నోరు తెరిచానో నాకు తెలియదు.

డాక్టరు తల ఎత్తాడు. "మీరెవరు?"

"ఆయన బిడ్డను. ఆ చార్టు నేర్పింది నేనే. ఆ బస్సులో నలభై మంది పిల్లలుంటరు సార్."

నాయిన నా వైపు తిరగలేదు. గోడ వైపే చూస్తూ నిలబడ్డాడు. మెడ మీద నరం ఒకటి కొట్టుకుంటున్నది, అది మాత్రం నాకు కనబడింది. గుమ్మంలో నిలబడ్డ డ్రైవర్లు లోపలికి తొంగి చూశారు. డాక్టరు లేచి, మూలన ఉన్న కట్టె తీసుకుని, చార్టు మీద ఒకచోట పెట్టాడు.

"ఇదేంటి?"

నాయిన చెయ్యి కంటి మీద అట్లాగే ఉంది. పెదవులు కదిలాయి, ఆగాయి. వరుస మొదటి నుంచి చెప్పుకుంటున్నాడని నాకు తెలుసు. ఎక్కడ ఆగాలో తెలిస్తే కదా.

డాక్టరు కట్టెను పైకి జరిపాడు, పెద్ద అక్షరాల దగ్గరికి. "పోనీ ఇది?"

నాయిన కంటి మీది చెయ్యి దించాడు.

"నాకు కట్టె సుత కనపడ్తలేదు సార్."

డాక్టరు కలానికి మూత పెట్టాడు. టార్చి వేసి కళ్లలోకి చూశాడు, చాలాసేపు చూశాడు. చక్కెర వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నట్టుందని, పెద్ద డాక్టరుకు చూపించాలని, పోయిన చూపు తిరిగి రావడం కష్టమని, ఉన్నది నిలబెట్టుకోవాలని చెప్పాడు. కోప్పడలేదు. తన కాగితం మీద రాసిన పేరును అడ్డంగా కొట్టేశాడు.

మేం బయటికి వస్తుంటే వరుసలో ఒకాయన "కన్నబిడ్డే గిట్ల జేసె" అని గొణిగాడు. ఇంకొకాయన "నీ పున్నెమాని మాకు సుత కట్టె వెడ్తడు" అన్నాడు. లోపల కట్టె గోడకు తగిలిన చప్పుడు వినిపించింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. పెట్టనీ అన్నాను పైకే.

బస్టాండులో నాయిన నాకంటే నాలుగడుగులు ముందు నిలబడ్డాడు. బస్సు ఒకటి వచ్చింది. రోజూ అయితే ఎక్కడిదని నన్నే అడుగుతాడు. ఆ రోజు పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ ఎవరో మనిషిని "గిది చిట్యాల పోతదా అన్నా?" అని అడిగాడు. ఆయన పోతుందంటే ఎక్కాడు. నేను వెనకాలే ఎక్కి వేరే సీట్లో కూర్చున్నాను.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, పెద్ద డాక్టరు దగ్గరికి అమ్మను తీసుకుని పోయాడు. బడులు తెరిచారు. కొత్త డ్రైవరు వచ్చాడు. పిల్లలు "తాతేడి?" అని రోజూ అడిగారు, వారానికి అడగడం మానేశారు. కొత్తాయన బస్సు నడుపుతుంటే నన్ను ఏమీ అడిగేవాడు కాదు. అయినా నేను చాలా రోజులు పుస్తకాలు దిద్దలేక రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నాయిన అరుగు మీద ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు విని తల తిప్పాడు.

"పోరగాండ్లు మంచిగ దిగిన్రా?"

"దిగిన్రు నాయినా."

కొంచెం జరిగి జాగా ఇచ్చాడు. కూర్చున్నాను. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎవరితోనో చెప్పినట్టు అన్నాడు.

"నువ్వు సెప్పకపోతె నేను సెప్పెటోన్ని గాదు బిడ్డా. డాక్టరు సంతకం వెట్టెటోడు. నేను కాయితం జేబుల వెట్టుకోని వచ్చి బండెక్కెటోన్ని. నాకు తెలుసు గదా, కనపడ్తలేదని. తెలిసే ఎక్కెటోన్ని. గది యాదికొస్తె పానం గజగజ వణుకుతాంది."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. కలం మొన కాగితానికి ఆనేదాకా నేను కూడా నోరు మూసుకునే నిలబడ్డానని, ఆ డాక్టరు ఇంకొంచెం తొందరగా సంతకం పెట్టేవాడైతే నేను కాగితం మడిచి ఆయన చేతికే ఇచ్చేదాన్నేమోనని అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.